అడగకుండా పంపిన రక్తం

ఆళ్లగడ్డ,
9 జూన్ 2025.

కాళికా,

నీ అన్న మౌనేశ్వరాచారి రాస్తున్నాడు. ఉత్తరం చూసి ఎవరికేమయిందోనని గుండె పట్టుకోవద్దు, అందరం బాగున్నాం. ఫోన్లో మాట్లాడదామంటే యాభై ఏళ్లు రాయి కొట్టిన చెవులు నావి. నువ్వొకటి చెబితే నాకొకటి వినిపిస్తుంది. మా పిల్లోడు విరూపాక్ష సెల్లుకు మెసేజ్ పెట్టమంటే ముందు వాడు చదివి, తర్వాత వాళ్లమ్మ చదివి, ఆఖరున నాకు చూపిస్తారు. ఈ సంగతి వాళ్లు చదవకూడదు. అందుకే పోస్టాఫీసుకు నడిచి వెళ్లి కవరు కొనుక్కొచ్చాను.

మా ఇంట్లో ఏదో జరుగుతోంది. మే నెలలో నువ్వొచ్చి, షుగర్ చూద్దామని నా రక్తం తీసుకుపోయావు గదా. ఆ తర్వాత పది పదిహేను రోజులకు మొదలైంది. మీ వదిన రంగనాయకమ్మ పొద్దున కాఫీ ఇస్తూ "ఈపొద్దు ఏ వారం?" అని అడుగుతుంది. నలభై ఏళ్ల కాపురంలో నన్ను వారం అడిగిన మనిషి కాదు. ఇప్పుడు చెప్పేదాకా గ్లాసు వదలదు. బండి తాళాలు విరూపాక్ష తన జేబులో పెట్టుకున్నాడు. "యాడికి పోవాల్నో చెప్పు నాయనా, నేను దింపుతా" అంటాడు. చిన్నప్పుడు నేను వాణ్ణి బడికి దింపినట్టు ఇప్పుడు వాడు నన్ను టీ కొట్టుకు దింపుతున్నాడు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకుందును. కానీ పెద్దమ్మ తల్లి విగ్రహం సంగతి వేరు. ఆత్మకూరు దగ్గరి ఊరివాళ్లు చేయించుకుంటున్నారు. ఒళ్లంతా అయింది, కళ్లు మిగిలాయి. శ్రావణంలో వాళ్లొచ్చి, మన శిల్పాల కొట్టంలోనే కళ్లు తెరిపించి తీసుకుపోతారు. మన ఇంట్లో కళ్లు పెట్టే పని పెద్దవాడిది. నాయన తర్వాత నాది. మొన్న వాడు "ఈసారి కండ్లు నేను పెడతా నాయనా" అన్నాడు. వాడి చెయ్యి మంచిదే. నేను పోయాక వాడే పెట్టాలి. కానీ నేనింకా పోలేదు గదా.

రక్తం నువ్వే తీశావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. షుగర్ బాగా ఎక్కువుందా? చూపు పోతుందన్నారా? ఉన్నదున్నట్టు రాయి.

మౌనేశ్వరాచారి


నంద్యాల,
17 జూన్.

అన్నకు కాళికాంబ నమస్కారాలు.

నీ చేతిరాత చూసి ఎన్నాళ్లయిందో. గుండె పట్టుకోవద్దని రాశావు కానీ, కవరు చూడగానే అదే పని చేశాను.

షుగర్ గురించి కంగారేం లేదు. గీతకు కొంచెం ఇవతలే ఉంది. పాయసం తగ్గించు, చాలు. నీ చూపుకు ఏమీ కాదు. వదిన వారం అడిగితే చెప్పెయ్, పోయేదేముంది. అరవై ఆరేళ్లు వచ్చాక ఇంట్లోవాళ్లు కాస్త కనిపెట్టి ఉంటారు. కొందరికి ఆ భాగ్యమైనా లేదు. రోడ్ల మీద లారీలు ఎలా పోతున్నాయో చూస్తున్నావు గదా, బండి మానేయడమే మంచిది.

ఇక పెద్దమ్మ కళ్లు. ఈసారికి విరూపాక్షను పెట్టనియ్యి అన్నా. వాడికీ ముప్పై ఆరు వచ్చాయి. నువ్వు పక్కన నిలబడి చూస్తుండగా పెడితే వాడికీ పేరు వస్తుంది, నీకూ గౌరవమే.

ఇక్కడ ల్యాబులో ఊపిరి సలపడం లేదు. జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున ఏడింటి నుంచి నేనూ, నాతో పనిచేసే లూదియా సూది పట్టుకుంటే పన్నెండుకు గానీ తల ఎత్తం. ఎండలో తిరగకు. బీపీ మాత్రలు వేళకు వేసుకో.

కాళికాంబ


ఆళ్లగడ్డ,
24 జూన్.

కాళికా,

నీ ఉత్తరం చివర ఒక మాట కొట్టేసి, దాని మీద "వేళకు వేసుకో" అని రాశావు. వెలుతురుకు పట్టి చూశాను. "మరవొద్దు" అని ఉంది. ఆ మాట నా ముందు అనడానికి నీకెందుకు భయం వేసిందో అప్పుడు తెలియలేదు. నిన్న తెలిసింది.

నిన్న ఆత్మకూరు వైపు నుంచి వాళ్లు విగ్రహం చూడటానికి వచ్చారు. వాళ్ల పెద్దమనిషి నా భుజం పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూర్చోబెట్టాడు. "పెద్దాయనా, కండ్లు మీ పిల్లోడే పెడతాడంట గదా. మీరు కూచోని చూడండి, సాలు" అన్నాడు. రోగిని చూడటానికి వచ్చినవాళ్లు మాట్లాడే గొంతు అది. వాళ్లు పోయాక విరూపాక్షను నిలదీశాను. వాడు కాసేపు నసిగి, నాకు వినపడలేదని చెవి దగ్గర అరిచాడు.

"అత్త చెప్పింది నాయనా. నీ నెత్తురులో తేలిందంట. తాతకొచ్చిందే నీకూ వస్తాందంట."

అప్పటికి కటింగ్ మిషన్ ఆపి ఉంది. పనివాళ్లు నలుగురూ విన్నారు. ఒకడు తల వంచుకుని నీళ్ల బిందె దగ్గరకు పోయాడు.

ఏం పరీక్ష అది? ఎవరు చేయమన్నారు? నన్ను అడిగావా?

మౌనేశ్వరాచారి


నంద్యాల,
2 జూలై.

అన్నా,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

మే పద్నాలుగున నీ చేతి నుంచి మూడు ట్యూబులు తీశాను. షుగరుకొకటి, కిడ్నీలకొకటి అని చెప్పాను. మూడోది ఊదా మూతది. "ఇదెందుకు" అని నువ్వడిగితే "రక్తం ఎంతుందో చూద్దామని" అన్నాను. అది అబద్ధం. ఏప్రిల్లో హైదరాబాదు నుంచి ఒకతను మా ల్యాబుకు వచ్చాడు. మతిమరుపు జబ్బు మెదడులో మొదలైతే ఒక రకం ప్రోటీన్ రక్తంలోకి వస్తుందట, మనిషి బయటపడటానికి ఏళ్ల ముందే దాన్ని పట్టుకోవచ్చట. ఇన్నాళ్లూ పెద్ద స్కానింగులు చేస్తే గానీ తెలియనిది ఇక ఒక్క ట్యూబుతో తెలుస్తుందన్నాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ నాకు నాయన కనిపించాడు. డాక్టరు చీటీ లేకుండా నీ ట్యూబు హైదరాబాదుకు పంపాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎప్పుడూ అలా చేయలేదు. పది రోజులకు కాగితం వచ్చింది. అంకె ఎక్కువగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో, మరుపు ఉన్నవాళ్లకే ఈ పరీక్ష, డాక్టరు చూసి తేల్చాలి అని రాసి ఉంది. రోజుకు వంద కాగితాలు చూసేదాన్ని, ఆ అక్షరాలు చదివి కూడా చదవనట్టు మడిచేశాను. ఆ సాయంత్రమే విరూపాక్షకు ఫోన్ చేశాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. నేనే దాచుకోలేనిది వాడెలా దాస్తాడు?

ఎందుకు చేశానని అడుగుతావు. నీకూ తెలుసు, మనమెప్పుడూ మాట్లాడుకోలేదు. నాయన ఆ పొరుగూరి గుళ్లో ఆంజనేయుడి కన్ను పెట్టి, మర్నాడు పెట్టలేదనుకుని మళ్లీ చెక్కి, మూడోనాడు మళ్లీ చెక్కి గుంట చేశాడు. ఆ ఊరివాళ్లు విగ్రహాన్ని ట్రాక్టరులో తెచ్చి మన వాకిట్లో దించి పోయారు. ఆ తర్వాత నాయనను వెనక గదిలో పెట్టి గొళ్లెం వేశాం. ఎవరొచ్చి అడిగినా శ్రీశైలం పోయాడని చెప్పేవాళ్లం. లోపలి నుంచి "నేనీడనే ఉండా" అని నాయన కేకేస్తే నేను రేడియో పెంచేదాన్ని. మళ్లీ అలా జరగకముందే తెలుసుకుంటే మేలనుకున్నాను. నీ వాకిట్లోకి ట్రాక్టరు రాకూడదనుకున్నాను.

నిన్ను అడగకపోవడం తప్పు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

కాళికాంబ


ఆళ్లగడ్డ,
10 జూలై.

కాళికా,

ట్రాక్టరు రాలేదు గానీ, దాని పని నువ్వే చేశావు.

ఇప్పుడు నేనెలా బతుకుతున్నానో విను. మంగళవారం చిన్న ఉలి ఎక్కడ పెట్టానో అరగంట వెతికాను. ఇరవై ఏళ్ల వయసు నుంచీ వెతుకుతూనే ఉన్నాను, మీ వదిన తిడుతూనే ఉంది. ఈసారి మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది. బుధవారం మేస్త్రీ పేరు నోటికి రాలేదు. వచ్చేదాకా అన్నం తినలేదు. పొద్దున లేవగానే వారం, తేదీ, తిథి మూడూ చెప్పుకుంటాను, మీ వదిన అడగకముందే. వినపడక వేరే జవాబు చెప్పినా ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చెవుడు కూడా నీ కాగితం ఖాతాలోనే పడింది.

పెద్దమ్మ ముందు రోజూ కూర్చుంటున్నాను. కళ్లు లేని మొహం. నా చేత్తో చేసిన మొహం. ఆ కళ్లు నేను పెట్టకుండా ఆమె మన కొట్టం దాటితే, ఇక నాకు ఉలి పట్టే పనిలేదు. ఎవరూ పనివ్వరు, నాకూ పట్టబుద్ధి కాదు.

నాయన గదికి గొళ్లెం వేసింది నేనే. నువ్వు "వేశాం" అని రాసి నన్ను కాపాడావు. ఆ సిగ్గు నాది, నేను మోస్తాను. కానీ ఒకటి చెప్పు. నాయన నాకొక్కడికే నాయనా? నీ ఒంట్లో పారేది ఆయన నెత్తురు కాదా? సూదీ నీ చేతిలోనే ఉంది, ల్యాబూ నీదే. నీ ట్యూబు ఎందుకు పంపలేదు?

మౌనేశ్వరాచారి


నంద్యాల,
15 జూలై.

అన్నా,

ఈ ప్రశ్న నువ్వు అడగకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

పోయిన డిసెంబరులో ఒక ముసలామె దగ్గర రక్తం తీశాను. ట్యూబు మీద పేరు రాసి పెట్టాను. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఆమె దగ్గరకే వెళ్లి చేతికి రబ్బరు పట్టీ కట్టాను. "ఇప్పుడే తీసినావు గదమ్మా" అంది. ఆమె చేతికి దూది అంటించి ఉంది, నేను అంటించిందే. నవ్వేసి, పని ఒత్తిడి అన్నాను. లూదియా కూడా నవ్వింది. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

హైదరాబాదు మనిషి వచ్చినప్పుడు నేను మొదట అనుకున్నది నా గురించే. చెయ్యి చాపి లూదియాకు ఇద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ లేచాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దవాడివి, ఒకే తల్లీ తండ్రీ. నీలో లేకపోతే నాలోనూ లేదనుకోవచ్చు, ఉంటే అప్పుడు చూసుకోవచ్చు అనుకున్నాను. నీ మేలు కోసమని వదినకూ విరూపాక్షకూ చెప్పాను, నీకూ మొన్న అదే రాశాను. నిజానికి నా భయం తీర్చుకోవడానికి నీ చేతికి సూది గుచ్చాను.

ఇది చదివి నువ్వు నన్ను గడప తొక్కనివ్వకపోయినా సరే. కానీ ఒక్కసారి నంద్యాల రా. ఇక్కడి నరాల డాక్టరుకు కాగితాలన్నీ చూపిద్దాం. నేను ఒక్క పూట కూడా దాచుకోలేని కాగితాన్ని మొదటి రోజే ఆయన ముందు పెట్టి ఉండాల్సింది. శ్రావణానికి ఇంకా వ్యవధి ఉంది. తొందరగా రా.

కాళికాంబ


నంద్యాల,
4 ఆగస్టు.

అన్నా,

మొన్న డాక్టరు గదిలో ఆయన మాటలు నీకు సగం వినపడలేదు. విరూపాక్ష పక్కన ఉండగా నేను గట్టిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నీ కిడ్నీలు బాగా నీరసించాయి. భుజం నొప్పికని ఏళ్ల తరబడి మందుల షాపులో అడిగి వేసుకున్న మాత్రలే కారణం కావచ్చన్నారు. ఇక ఆ మాత్రలు ముట్టుకోకు. కిడ్నీల డాక్టరుకు చీటీ రాశారు. కిడ్నీలు సరిగా లేనివాళ్లకు ఆ ప్రోటీన్ అంకె దానంతటదే పెరగొచ్చట. కాబట్టి నీ కాగితంలో ఎక్కువున్నది మెదడు వల్లో, కిడ్నీల వల్లో చెప్పలేమన్నారు. పరీక్ష చెడ్డది కాదన్నారు. మరుపు మొదలై వచ్చినవాళ్లలో అది చాలా సాయం చేస్తుందట. ఏ ఇబ్బందీ లేనివాడి రక్తం పట్టుకెళ్లి జాతకం చెప్పమంటే మాత్రం చెప్పదట. "ఎవరమ్మా దీన్ని రాసిన డాక్టరు?" అని అడిగారు చూడు, అప్పుడు నేను నేల చూశాను. నువ్వది చూశావు.

ఆయన కాగితం మీద రాసి చూపించిన ఐదు మాటల్లో నువ్వు మూడు తిరిగి చెప్పావు. నీ వయసుకు అంత భయపడాల్సింది కాదన్నారు, అసలేమీ లేదనీ అనలేదు. చెవులకు మిషన్ పెట్టించుకుని, ఫిబ్రవరిలో మళ్లీ రమ్మన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. కిడ్నీల ట్యూబు కూడా మేలో నేనే తీశాను గదా. మర్నాడే నా చేతికి వచ్చింది ఆ రిపోర్టు. అంకె కింద నల్లటి గీత ఉంది. ఆదివారం వచ్చి చెబుదామని బ్యాగులో పెట్టాను. తర్వాత రెండో కాగితం వచ్చింది. ఇక మొదటిది మరిచిపోయాను. డాక్టరు అడిగితే వెతికాను, బ్యాగు లోపలి జేబులో మడత నలగకుండా ఉంది. నీకు మరుపు వస్తుందేమోనని ఇంటిల్లిపాదినీ నీ మీద కాపలా పెట్టాను. మరిచింది నేను. రెండున్నర నెలలు ఆ మాత్రలు నువ్వు మింగుతూనే ఉన్నావు.

ఇదంతా విరూపాక్షకు బస్టాండులో చెప్పాను. వాడు కళ్లు తుడుచుకున్నాడు. "నాయన పనిని నాయనకే ఇస్తా అత్తా, ఆత్మకూరోళ్లకు నేనే చెప్తా" అన్నాడు.

కాళికాంబ


ఆళ్లగడ్డ,
27 ఆగస్టు.

కాళికా,

మాత్రలు మానేశాను. భుజం లాగుతోంది, ఓర్చుకుంటున్నాను. కిడ్నీల డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. మీ వదిన ఉప్పు డబ్బా దాచి, వారం అడగడం మానేసింది.

పోయిన శుక్రవారం పెద్దమ్మ కళ్లు తెరిపించారు. ఎలా జరిగిందో విరూపాక్ష నీకు ఫోన్లో చెప్పే ఉంటాడు. ఆత్మకూరువాళ్లు రెండు జీపుల్లో వచ్చారు. వాడు అందరి ముందూ నా కాళ్లకు దండం పెట్టి ఉలి నా చేతికిచ్చాడు. ఆ పెద్దమనిషి కూడా వచ్చి చేతులు జోడించాడు. మన పద్ధతి ప్రకారం చుట్టూ తెర కట్టారు, అమ్మ మొదటి చూపు పడటానికి ఎదురుగా అద్దం పెట్టారు, నేనొక్కణ్ణే లోపలికి పోయాను. ఇంతవరకూ వాడు చెప్పింది నిజం.

తెర లోపల జరిగింది వాడికీ తెలియదు. కుడి కన్ను ముందు పెట్టాలని నీకు కూడా తెలుసు, చిన్నప్పుడు నాయన మనిద్దరికీ చెప్పాడు. ముప్పై ఏళ్లుగా పెడుతున్నాను. ఉలి ఆనించబోతే ఏ కన్ను ముందో నాకు తెలియలేదు. కుడా, ఎడమా అని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. బయట డప్పులు కొడుతున్నారని నేల అదిరితే తెలిసింది. అద్దంలో నా మొహం కనిపించింది. అటు చూడలేకపోయాను.

అది రోగమో, రెండు నెలలుగా నన్ను నేను కాపలా కాసుకుంటూ పెంచుకున్న భయమో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ డాక్టరుకు చెప్పినా తెలియదు. ఇక ముందు ఏది మరిచినా ఈ ప్రశ్న నన్ను వదలదు. నువ్వు చేసిన పనిలో నాకు తగిలింది అదే.

తెర కొంచెం తొలగించి విరూపాక్షను లోపలికి పిలిచాను. ఉలి వాడి చేతిలో పెట్టాను. "నువ్వు పెట్టరా, నేను చూస్తా" అన్నాను. వాడు ఏడ్చినంత పని చేశాడు. కుడి కన్నుతో మొదలుపెట్టాడు. చాలా బాగా పెట్టాడు, నేనైనా అంత బాగా పెట్టేవాణ్ణి కాదు. బయటికి వచ్చాక జనం నాకే శాలువా కప్పారు. "చేతిలోకొచ్చిన పనిని కొడుక్కు అప్పగించినాడు, ఎంత పెద్ద మనసప్పా" అని ఆ పెద్దమనిషి మైకులో చెప్పాడు. నేను తల ఊపాను. శాలువా ఇంటికి తెచ్చుకున్నాను. ఏ కన్ను ముందో నాకు తెలియలేదని ఒక్కరికీ చెప్పలేదు. నాయనకు గొళ్లెం పెట్టినప్పుడు కూడా ఇంత సిగ్గు వేయలేదు నాకు.

ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడదనిపించింది. చూస్తే నువ్వు తప్ప ఎవరూ కనిపించలేదు. విరూపాక్షకు చెప్పొద్దు.

మౌనేశ్వరాచారి


నంద్యాల,
1 సెప్టెంబర్.

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

మేలో నా చేతికి వచ్చింది నిజమో కాదో ఎవరికీ తెలియని సంగతి. దాన్ని ఒక పూట కూడా దాచలేకపోయాను. ఇప్పుడు నువ్వు నీ నోటితో చెప్పిన సంగతి దాచమంటున్నావు. దాస్తాను. ఫిబ్రవరిలో డాక్టరుకు చెప్పాలా వద్దా నువ్వే తేల్చుకో. నేను పక్కన కూర్చుంటాను, నువ్వు చెప్పేదాకా నోరు విప్పను. కానీ చెబితే బాగుంటుంది అన్నా. వినికిడి మిషన్‌కు ఈ నెలలోనే కొలత ఇవ్వు, ఆయన జవాబు నువ్వే వినొచ్చు.

లూదియా నిన్న "నీదీ పంపుదామా అక్కా?" అంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు చేయకూడదని డాక్టరు చెప్పాడన్నాను. ఐదు నిమిషాల్లో రెండుసార్లు పట్టీ కట్టిన సంగతి ఆమె మరిచిపోయింది. నేను గుర్తు చేయలేదు.

నాకూ నీలాగా తెర లోపల నిలబడే రోజు వస్తే, ముందు నీకే రాస్తాను. నీ ఉత్తరం మడిచి పెడుతుంటే మనసులో ఒక మాట వచ్చింది. ఆ రోజు ఎటూ వచ్చేదైతే, నువ్వింకా నా ఉత్తరం చదివి అర్థం చేసుకోగలిగినప్పుడే రావాలని కోరుకున్నాను. నీ గురించి మొక్కుకుందామని కూర్చుని మళ్లీ నా గురించే కోరుకున్నాను.

ఇదీ నీ చెల్లెలు.

కాళికాంబ